సముద్రం అనే మనిషిని వెతుక్కుంటూ గోదావరిఖనికి

మా ఊళ్ళో ఎవరు ఏ యాత్రకి వెళ్ళొచ్చినా ఇంటింటికీ ప్రసాదం పంచడం ఆనవాయితీ. మా మేనత్త నారాయణమ్మ, నేను మొన్న మే నెలలో గోదావరిఖని వెళ్ళొచ్చాం. పంచడానికి ఏమీ తేలేదు, ఒక్క నిజం తప్ప. అది వినమని వెళితే మా సొంత వీధిలోనే రెండు మూడు తలుపులు మూసుకున్నాయి. మూసుకోనివ్వండి. తలుపు తెరిచి ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఊరు. గాలి తిరిగితే సముద్రం హోరు వంటింట్లోకి వినపడుతుంది. నేను బస్సు కండక్టర్‌ని. రోజూ ఎందరినో వాళ్ళ ఊళ్ళకి చేరుస్తాను గానీ నేను జిల్లా దాటింది తక్కువ.

మా తాత పేరు సింహాచలం. తుఫాను మా కొబ్బరి చెట్లన్నిటినీ నేలకి పడుకోబెట్టిన ఏడు, ఆయన ఎండు చేపల మూట భుజాన వేసుకుని గోదావరిఖని బొగ్గు గనుల్లో పనికి వెళ్ళాడు. ఏడాదికోసారి ఇంటికి వచ్చేవాడు. అత్తకి ఆయన గురించి ఒకే ఒక్క జ్ఞాపకం ఉంది. కళ్ళ అంచుల్లో బొగ్గు పొడి దిగి నల్లగా ఉంటే, "అయ్యా, నువ్వు కాటుకెట్టుకున్నావేటి?" అని అడిగిందట. ఆయన పడీ పడీ నవ్వాడట. అంతే. మా నాన్న అప్పటికి నాయనమ్మ కడుపులో ఉన్నాడు.

ఆ తర్వాత టెలిగ్రాం వచ్చింది. తాతకి అన్న ఒకాయన ఉండేవాడు. ఆయనే వెళ్ళాడు. తిరిగొచ్చి నడివీధిలో నిలబడి చెప్పాడు: "తాగి గనిలోకి దిగినాడు. కప్పు కూలి మీద పడింది. అక్కడే కాల్చేసొచ్చాను. అలాటి చావుకి ఇక్కడ దినమూ వద్దు, తద్దినమూ వద్దు."

నాయనమ్మ గాజులు పగలగొట్టడానికి ఆడవాళ్ళు వచ్చారు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "నా మొగుడు కల్లు వాసనకే కక్కుకునే మనిసి. తాగి ఎలగ దిగుతాడు? అబద్ధం మీద నా గాజులు పగలవు. ఎల్లండి," అంది. పోయేదాకా చేతినిండా గాజులతో, నుదుట బొట్టుతో తిరిగింది. ఊరు ఆమెని ముత్తైదువ అనలేదు, విధవ అనడానికి ఆమె ఒప్పుకోలేదు. ఏ పెళ్ళి పందిట్లోకీ పిలుపు రాలేదు. మా నాన్న తన తండ్రి ముఖం ఎరగడు. "తాగుబోతు కొడుకు" అనే మాట మాత్రం మట్టయ్యేదాకా విన్నాడు.

ఇప్పుడెందుకు వెళ్ళామంటే, మా ఊళ్ళో కొత్తగా రామమందిరం కట్టారు. తాత అన్నగారి మనవడు రమణ దానికి పెద్ద. గోడకి నల్లరాయి పెట్టించి వంశంలో పోయినవాళ్ళ పేర్లన్నీ చెక్కించాడు. మా తాత పేరు లేదు. అత్త అందరి ముందూ అడిగింది. రమణ చెంబులో నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని అన్నాడు: "అందరూ పుణ్యాన పోయినోళ్ళత్తా. తాగి సచ్చినోడి పేరు దేవుడి గోడ మీద ఎలగ రాయిస్తాం?"

అత్త కొబ్బరి చిప్ప అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. "ఒలే గౌరీ, నీకు సెలవు దొరుకుద్దా? మా అయ్య పోయిన సోటుకి ఎల్దాం. సూసినోడు ఒక్కడైనా బతికుండడా?" అంది.

రామగుండం

గోదావరిఖనికి దగ్గరి స్టేషన్ ఇదే. రైలు దిగగానే ముఖం మీద పొయ్యి మూత తీసినట్టయింది. మా ఎండకి ఉక్కపోస్తుంది, చెమటతో ఒళ్ళు తడుస్తుంది. అక్కడి ఎండకి చెమట కూడా పుట్టదు, పుట్టేలోపే ఆరిపోతుంది. కరెంటు ప్లాంటు గొట్టాలు ఆకాశంలోకి నిలబడి పొగ వదులుతుంటే అత్త చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఇక్కడోళ్ళు సూరీడు సాలక ఇంకోటి ఎలిగించుకున్నారేటి?" అంది.

స్టేషన్ బయట తాటి ముంజలు అమ్ముతున్నారు. ఒక్కొక్కటీ పిల్లాడి అరచేయంత. డజను కొని నిలబడే తినేశాం. ముంజల విషయంలో మాత్రం మా ఊరు ఓడిపోయింది, ఒప్పుకుంటాను.

ఆటో ఆయన వచ్చాడు. "యాడికి పోవాలె అవ్వా?"

అత్త ముఖం ముడుచుకుంది. "అవ్వంటాడేటి వీడు? నాకంత వయసొచ్చిందేటి?" అని నాతో గొణిగింది. అక్కడ పెద్దావిడని గౌరవంగా పిలిచే పిలుపు అదేనని నాకూ సాయంత్రానికి గాని అర్థం కాలేదు. నన్ను "బిడ్డా" అన్నారు. మా వైపు బిడ్డ అంటే ఉయ్యాల్లో ఉండాలి. నలభై దాటాక ఊరంతా బిడ్డా అంటుంటే మొదట సిగ్గేసింది, తర్వాత అలవాటైంది, తిరిగొచ్చాక లోటైంది.

"గీ ఎండల గోదారిఖనికి చుట్టాల ఇంటికా?" అని ఆటో ఆయన అడిగాడు.

"మా నాన్న దగ్గరికి," అంది అత్త.

"ఏ కాలనీ?"

"అదే తెలవదు నాయినా. ఎతుక్కోవాల."

అద్దంలోంచి ఆయన మమ్మల్ని ఒకసారి చూసి, చౌరస్తా వైపు పోనిచ్చాడు. దిగాక మనిషికి ఇరవై తీసుకున్నాడు. టిక్కెట్టు కొట్టే చేయి కదా, ఛార్జీ న్యాయంగా ఉందో లేదో నాకు ఇట్టే తెలుస్తుంది. న్యాయంగానే ఉంది.

చౌరస్తాలో సర్వపిండి

గోదావరిఖని అంటే నల్లటి ఊరని ఊహించుకున్నాను. బంగారం కొట్లు, చీరల కొట్లు, బిర్యానీ బోర్డులు, మా టెక్కలి కంటే సందడిగా ఉంది. బొగ్గు ఎక్కడుందంటే ఆకుల మీద, కిటికీ ఊచల మీద, సాయంత్రానికి మనం తుడుచుకున్న చేతిరుమాలు మీద.

అక్కడే చిన్న ప్రమాదం జరిగింది. ఎండకి తారు మెత్తబడి అత్త చెప్పు అతుక్కుంది. లాగితే పట్టీ తెగింది. కాలు కాలుతుంటే ఒంటికాలి మీద గెంతుతూ పక్కనే ఉన్న టిఫిన్ బండి నీడలోకి వెళ్ళాం. ఆ బండి రాజక్కది. యాభై దాటిన మనిషి, పెద్ద బొట్టు, అంతకంటే పెద్ద గొంతు. అడక్కుండానే తన చెప్పులు విడిచి అత్త ముందుకు తోసింది.

"ఏసుకో అవ్వా. నాకు ఇంట్ల ఇంకో జత ఉన్నది."

"మరి నువ్వు?"

"నేను పొయ్యి కాడ ఉండేదాన్ని. నాకేం కాలుతది?"

రాజక్క దగ్గర సర్వపిండి తిన్నాం. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లాకు కలిపి గిన్నె అడుగుకి అద్ది, వేళ్ళతో చిల్లులు పెట్టి కాలుస్తారు. మా దిబ్బరొట్టె మెత్తన, ఇది కరకర. ముప్పై రూపాయలకి ఒకటి తింటే మళ్ళీ పొద్దుగూకేదాకా ఆకలి మాట ఉండదు. అత్త రెండు తింది. తింటూ మేమెందుకొచ్చామో చెప్పింది. రాజక్క వింటూ వింటూ గరిటె పక్కన పెట్టేసింది.

"మా ఆయన గూడ గనిలనే చేసిండు. దమ్ముతోని పోయిండు," అంది. దమ్ము అంటే ఆయాసం. "ఇంట్ల పోయినోణ్ని అందరు యాది జేస్తరు. భూమి లోపల పోయినోణ్ని ఎవలన్న అడగాలె గద. మీరు లాడ్జిల ఉండుడేంది? నా ఇంటికి రండ్రి."

మా వైపు ఇలా ముక్కూమొహం తెలియనివాళ్ళని ఇంటికి పిలవరని కాదు. కులం అడిగి పిలుస్తారు. రాజక్క అడగలేదు.

బతికున్న సింహాచలం

మర్నాడు రాజక్క బండి కట్టేసి మాతో బయల్దేరింది. రిటైరైన కార్మికులు కూర్చునే చోటల్లా తిరిగాం. చెట్ల కింద అరుగులు, టీ కొట్లు, యూనియన్ ఆఫీసు మెట్లు. "శ్రీకాకుళం సింహాచలం, కప్పు కూలి పోయాడు," అని అడుగుతుంటే అందరూ తల ఊపేవారు, ఎవరికీ గుర్తు లేదు. చివరికి ఒక ముసలాయన, "సింహాచలమా? ఎందుకు తెల్వది, రండ్రి!" అని హుషారుగా లేచాడు. సందులన్నీ తిప్పి ఒక ఇంటి ముందు నిలబెట్టాడు. తలుపు తెరుచుకుంది. బనీను మీద ఉన్న ఒక పెద్దమనిషి బయటికొచ్చాడు.

"నేనే సింహాచలాన్ని. ఏంది సంగతి?"

"మేం సచ్చిపోయిన సింహాచలం కోసం ఒచ్చాం బాబూ," అంది అత్త.

"నాను ఇంకా పోనేదమ్మా. కొంచెం ఆగాల," అన్నాడాయన. నవ్వాపుకోలేక నలుగురం అక్కడే అరుగు మీద కూలబడ్డాం.

ఆయనది బొబ్బిలి వైపు. నలభై ఏళ్ళు గనిలో చేసి అక్కడే ఉండిపోయాడు. అత్త మాట వినగానే ఆయన తెలంగాణ మాట జారిపోయి మా మాట బయటికొచ్చింది. మజ్జిగ ఇచ్చి, విషయమంతా విని, గోడకి చేరబడ్డాడు.

"అమ్మా, గనిలో ఎవడూ అసలు పేరుతో బతకడు. నన్ను నలభయ్యేళ్ళు 'బొబ్బిలి' అన్నారు. పేరట్టుకుని ఎతికితే దొరకడు. మీ నాన్న ఏటి తినేవోడు? ఎలగ ఉండేవోడు? అది సెప్పు."

అత్తకి ఏం తెలుసు? నాయనమ్మ చెప్పినవే చెప్పింది. పొడుగు మనిషి. తాగడు. వెళ్ళేటప్పుడు బట్టల కంటే ఎండు చేపలే ఎక్కువ పట్టుకెళ్ళేవాడు.

ఆయన గభాల్న నిటారుగా కూర్చున్నాడు. "ఎండు సేపలా? ఓలమ్మ! సముద్రం అన్నా! నాను పనిలో సేరేసరికే ఆయన పోయినాడు, సూడలేదు. కానీ ఆ కథలు వినని వోడెవడు? రూములో సేపలు కాలిస్తే సందు సందంతా తిట్టేదట. తిట్టి, మల్లీ పళ్ళేలు పట్టుకుని ఒచ్చేదట. శ్రీరాంపూర్‌లో కొమురయ్య ఉన్నాడు. ఒకే రూములో ఉండేవోరు. ఎల్లండి."

సముద్రం. మా ఊళ్ళో పేరు దక్కని మనిషికి ఇక్కడ సముద్రమంత పేరు ఉంది. అత్త ఆ మాట పెదాల మీద పెట్టుకుని దారంతా అనుకుంటూనే ఉంది.

వంతెన దాటి శ్రీరాంపూర్

గోదావరి వంతెన మీద బస్సు నెమ్మదించినప్పుడు జనం కిటికీల్లోంచి నదికి దండం పెట్టారు. మేలో నది సగం ఇసుక. అవతల శ్రీరాంపూర్. షిఫ్టు మారే వేళ కావడంతో టోపీ దీపాలు తగిలించుకున్న మనుషులు మోటారు సైకిళ్ళ మీద ఎదురొచ్చారు. కంపెనీ క్వార్టర్ల వరసలో ప్రతి ఇంటి ముందూ ఒక వేపచెట్టు, ఒక కూలరు.

కొమురయ్య కూతురి క్వార్టర్లో ఉంటున్నాడు. ఎనభై దాటాయి. సన్నగా, ఎముకల మీద చొక్కా వేలాడేసినట్టున్నాడు. మంచం మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నాడు. రాజక్క ముందు వెళ్ళి, "కాకా, సముద్రం బిడ్డ అచ్చింది," అంది.

ఉల్లిపాయ చేతిలోంచి జారింది. అత్తని కింది నుంచి పై దాకా చూశాడు.

"కాటుక పిల్లవా?"

అత్త చెయ్యి కంటి అంచు దగ్గరికి వెళ్ళింది.

"మా బిడ్డ నన్ను కాటుక పెట్టుకున్నవా అన్నదిరా అని, ఊరికి పోయచ్చినంక నెలరోజులు జెప్పిండు. బొగ్గు టబ్బులు తోస్తాంటే జెప్పుడు, అన్నం తింటాంటే జెప్పుడు. మేం గూడ ఆయన్ని చూస్తే, 'ఏందే, కాటుక మంచిగ పెట్టినవా?' అనేటోళ్ళం. గా పిల్లవు నువ్వేనా?"

అత్త వెళ్ళి ఆ మంచం మీద, ఆయన పక్కనే కూర్చుంది. మా వైపు పరాయి మగాడి పక్కన మంచం మీద కూర్చోరు. ఆమెకి ఆ సంగతి గుర్తున్నట్టు లేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

"మా అయ్య ఎలగ పోనాడు? దాచకుండా సెప్పు," అంది.

కొమురయ్య చాలాసేపు ఉల్లిపొట్టు ఏరాడు. తర్వాత చెప్పాడు.

"ఫస్టు షిఫ్టు. మేం నలుగురం. మీ నాయన కప్పు పడకుండ దిమ్మెలు నిలబెట్టేటోడు. గనిల కప్పు ఊకె పడది బిడ్డా, పడే ముందు మాట్లాడ్తది. చిటచిటమంటది. ఆ దినం గట్లనే అన్నది. మీ నాయన కట్టెతోని కొట్టి ఇన్నడు. 'మంచిగ లేదు, మీరు జరగుండ్రి' అన్నడు. మేం ఉరికినం. ఆయన ఉరకలె. 'ఒక్క దిమ్మె నిలబెడ్త, ఆగుతది' అని అన్నడు. దిమ్మె నిలబడ్డది. దాని మీదికెళ్ళి కప్పు ఆయన మీద కూలింది."

"తాగి ఉన్నాడా?"

ఆ ప్రశ్నకి కొమురయ్య మంచం మీదినుంచి లేచి నిలబడ్డాడు. "ఎవలన్నరు? ఎవలన్నరు ఆ మాట? తాగినోడు దిమ్మె నిలబెడ్తడా? వెంట్రుకంత వంకరున్నా అది నిలవది! మేమందరం తాగేటోళ్ళమే, జీతం రోజు దుకాణం కాన్నే ఉండేటోళ్ళం. మమ్ముల ఇంటికి మోసుకచ్చేది ఆయనే. ముక్కు మూసుకోని మోసేటోడు!"

అత్త తన పెదనాన్న నడివీధిలో నిలబడి చెప్పిన మాట చెప్పింది. నాయనమ్మ గాజుల సంగతి చెప్పింది. రాతి మీద లేని పేరు చెప్పింది. కొమురయ్య వింటూ వింటూ మెల్లగా మళ్ళీ మంచం మీద కూలబడ్డాడు. ఆయన ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది.

సాక

"మేమే పోసినం," అన్నాడు.

మాకు అర్థం కాలేదు.

"కల్లు బిడ్డా. మేమే పోసినం ఆయన నోట్ల. సాక పోసుడు. మా దిక్కు పోయినోళ్ళకు ఆఖరిసారి గొంతు తడుపుతరు. ఇష్టమున్నోళ్ళందరు తలా ఇంత పోస్తరు. అది మా మర్యాద. మంచుగడ్డ మీద పండబెట్టి, మీ పెదనాయిన అచ్చేదాక ఆపినం. ఆయన అచ్చే ముందు తానం పోసి, కొత్త బట్టేసి, గ్యాంగు గ్యాంగంతా సాక పోసినం. 'బతికున్నప్పుడు తాగకపోతివి, ఇప్పుడన్న మాతోని తాగు సముద్రం అన్నా' అన్నం. ఏడ్సుకుంటనే నవ్వినం. మీ పెదనాయిన అచ్చి మొఖం చూసుటానికి వంగిండు. లేచి ముక్కుకు కండువ అడ్డం పెట్టుకోని దూరం పోయి నిలబడ్డడు. ఎవ్వలతోని మాట్లాడలె. మేం దుఃఖమనుకున్నం."

రాజక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

మా వైపు పోయినవాళ్ళ నోట్లో తులసి నీళ్ళు పోస్తారు. ఇక్కడ కల్లు పోస్తారు. అంతే తేడా. ప్రేమ ఒకటే, ద్రవం వేరు. ఆ తేడా ఏమిటని ఒక్క మనిషి ఒక్క మాట అడగకపోవడం వల్ల మా నాయనమ్మ జీవితమంతా గుమ్మం దగ్గర నిలబడే ఉంది. మా నాన్న తల దించుకునే పోయాడు.

"తప్పయిందా బిడ్డా?" కొమురయ్య రెండు చేతులూ జోడించాడు.

అత్త ఆ చేతులు పట్టుకుని విడదీసింది.

"మీరేం తప్పు సేసారు? మా అయ్యని ఒంటరిగా పంపనేదు. కొత్త గుడ్డేసారు. ఏడిసారు. అడగాల్సినోడు అడగనేదు." చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ అడిగింది. "సెప్పు కొమురయ్యా, అంతమంది పోస్తే మా అయ్య కక్కుకోలేదు కదా?"

కొమురయ్య నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాడు.

ఫోను

అక్కడే, ఆ మంచం మీదే అత్త నన్ను రమణకి ఫోన్ కలపమంది. స్పీకర్ పెట్టించింది. ఉన్నదంతా చెప్పింది. మధ్యలో కొమురయ్య ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు: "నేను గాయనతోని ఒక్క రూముల ఉన్నోణ్ని! చుక్క ముట్టలె!"

అటువైపు రమణ దగ్గాడు.

"పాత ముచ్చట్లు ఇప్పుడెందుకత్తా? మా తాత కూడా పోనాడు కదా. సరే, గొడవొద్దు. కిందెక్కడో ఖాళీ ఉంటే పేరు సెక్కిస్తాను."

ఇదే కదా కావలసింది అని నేను అనుకున్నాను. ఊరు దాటి వచ్చిందే దీనికి. అత్త సరే అంటుందని ఎదురు చూశాను.

"వద్దు," అంది అత్త.

"అదేటత్తా?"

"కిందొద్దు, పైనొద్దు. అసలొద్దు. ఆ రాయి మీద మా అయ్య పేరుంటే మీ తాత పేరు పక్కన నిలబడాల. తమ్ముడి శవం కాడ ముక్కు మూసుకున్నోడి పక్కన మా అయ్య నిలబడడు. నీ రాయి నువ్వే ఉంచుకో. కానీ ఒరే రమణా, ఇది ఇను. నాను రేపు ఊరొచ్చి, మీ తాత నిలబడిన ఆ నడివీధిలోనే నిలబడి, ఆయన సెప్పినంత గట్టిగా సెప్తాను. నువ్వు తలుపేసుకుంటావో తీసుకుంటావో నీ ఇష్టం."

ఫోన్ నాకిచ్చేసింది. "కట్టెయ్యి," అంది.

రాజక్క ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టింది. ఆ మధ్యాహ్నం కొమురయ్య కూతురు మక్క గటక, చింతపులుసు, మటన్ పెట్టింది. మక్క గటక అంటే మొక్కజొన్న రవ్వతో ముద్దలా వండేది. మేం అంబలి తాగేవాళ్ళం, అది నమిలి తినేది. అత్త అన్నం అడగలేదు. గిన్నె ఖాళీ చేసింది.

కప్పు లేని గని

"ఆ సోటు సూపించు," అని అత్త అడిగింది. కొమురయ్య తటపటాయించాడు. "ఇప్పుడక్కడ గని లేదు బిడ్డా."

నిజంగానే లేదు. మళ్ళీ వంతెన దాటి, ఆటోలో ఊరి చివరికి వెళ్ళాం. పాత గనిని మూసి, పైనున్న భూమిని మొత్తం తవ్వేసి ఓపెన్‌కాస్ట్ చేశారు. రోడ్డు పక్కన కట్ట మీద నిలబడితే కింద ఒక లోకం లోపలికి దిగుతోంది. మెట్లు మెట్లుగా నల్లటి గోడలు, అట్టడుగున బొమ్మల్లా తిరిగే డంపర్లు. ఆ గుంటలో మా ఊరు ఊరంతా పడుతుంది, తోటలతో సహా.

కొమురయ్య చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు లెక్క చూసుకున్నాడు. తర్వాత వేలు చూపించాడు. "గా మలుపు. గా నల్ల పొర కనబడ్తాంది సూడు. గాడనే మేం పనిజేసింది. మీదున్న కప్పంత తీసి అవతల గుట్ట పోసిండ్రు."

అత్త అటే చూసింది. తాత పోయిన చీకటి ఇప్పుడు లేదు. ఆ చోట ఎండ పడుతోంది, మా చేతుల మీద పడుతున్న ఎండే. తాత మీద పడిన కప్పు అవతల ఒక గుట్టయి నిలబడింది. దాని మీద తుమ్మచెట్లు మొలిచాయి.

అత్త కొంగు నడుముకి దోపుకుంది. కట్ట అంచుకి వెళ్ళి, గుంటలోకి గొంతెత్తింది.

"అయ్యా! నాను నారాయణిని! నువ్వు మంచిగానే పోనావంట! అమ్మకి ముందే తెలుసు! ఆళ్ళకే తెలవదు! ఇప్పుడు ఆళ్ళకీ సెప్తాను!"

ఎండలో ఆ కేక ఎంత దూరం వెళ్ళిందో తెలియదు. యూనిఫాం వేసుకున్న కాపలాదారు ఒకతను ఈల ఊదుతూ పరుగెత్తుకొచ్చాడు. "అవ్వా, బ్లాస్టింగ్ టైమైంది! గీడ ఎవ్వలుండద్దు, జల్ది ఎనకకు జరగుండ్రి! రాళ్ళు లేస్తయి!"

దూరంగా సైరన్ మొదలైంది. రోడ్డు మీద బండ్లని ఆపేశారు. రాజక్క నా చెయ్యి పట్టుకుని లాగింది. నేను కదిలాను. అత్త కూడా కదిలింది గానీ వెనక్కి తిరగలేదు. ముఖం గని వైపే ఉంచి, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ నడవసాగింది.

"అవ్వా, గట్ల నడిస్తే పడ్తవు! మర్లి ఉరుకు!" అని కాపలాదారు అరిచాడు.

"గర్భగుళ్ళోంచి వచ్చేటప్పుడు దేవుడికి వీపు సూపిస్తామేటి?" అంది అత్త. కాలికింద రాయి తగిలి తూలింది. నేను వెళ్ళి వెనక నుంచి భుజాలు పట్టుకున్నాను. అప్పుడు చూశాను, కొమురయ్య మాకంటే ముందు ఉన్నాడు, సగం దూరం దాటేశాడు. అందరిలాగే రోడ్డు వైపు ముఖం పెట్టి వేగంగా నడుస్తున్నాడు. అత్త మాట విని ఆగాడు. వెనక్కి తిరిగాడు. మా దగ్గరికి నడిచొచ్చి అత్త పక్కన నిలబడ్డాడు, ఆయన కూడా గని వైపే తిరిగి.

"ఆ దినం ఉరికిన సముద్రం అన్నా," అన్నాడు, అత్తతో కాదు. "ఇయ్యాల ఉరక."

ఇద్దరూ పక్కపక్కనే, ఒక్కో అడుగే వెనక్కి వేశారు. వెనకనుంచి వాళ్ళకి దారి చెబుతూ నేను. కాపలాదారు ఇంక అరవలేదు, ముందుకొచ్చి కొమురయ్య మోచెయ్యి పట్టుకున్నాడు. తాడు కట్టిన గీత దాటాక ఆగాం. సైరన్ ఆగిపోయింది. భూమి మా అరికాళ్ళ కింద ఒక్కసారి అదిరింది, నల్లటి దుమ్ము గుంటలోంచి లేచి ఆకాశాన్ని కప్పుకుంటూ మా మీదికి వచ్చింది. రోడ్డు మీద జనమంతా ముఖాలు తిప్పుకున్నారు. అత్త తిప్పుకోలేదు.